నూట పదిహేడో మేకు

“ఐదింటికి నన్ను తీసుకెళ్తారటమ్మా. ఈలోగా ఈ క్యారేజీ ఇంటికి పంపించెయ్యొచ్చా?”

బస్సు ఎన్నింటికో కనుక్కుంటున్నట్టు అడిగాడు గనిలోకి దిగేవాళ్ళకి దీపాలిచ్చే ల్యాంప్ రూమ్ పెద్దాయన. చేతిలో మూడు గిన్నెల స్టీలు క్యారేజీ. మెతుకు ముట్టలేదని దాని బరువే చెబుతోంది.

డిటెక్టివ్ గోడ గడియారం చూసింది. మూడూ పది.

“ముందు నా ప్రశ్నలు. క్యారేజీ సంగతి తర్వాత చూద్దాం.”

“అన్నీ ఆ ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పానమ్మా.”

“ఆయన రాసుకున్నాడు. నేను వింటాను. రెండూ వేరు.”

జరిగింది ఇదీ. మంగళవారం మధ్యాహ్నం గని కంపెనీ ఎండీ ఒంటరిగా గనిలోకి దిగాడు. నాలుగున్నరకి లోపల మందు పేల్చారు. ఆయన లోపల ఉన్నాడని ఎవరికీ తెలీదు. ఆరింటికి శవం పైకొచ్చింది. మనిషి లోపల ఉన్నాడో లేడో చెప్పడం ఈ గదిలో కూర్చునే ముసలాయన ఉద్యోగం. అందుకని నేరం తెచ్చి ఆయన మెడకి చుట్టారు. నిర్లక్ష్యమైతే ఉద్యోగంతో పోయేది. ఇన్‌స్పెక్టర్ దాన్ని హత్య అన్నాడు. దానికి కారణమూ దొరికింది. రెండేళ్ళ కిందట ఇదే గనిలో పెద్దాయన కొడుకు సర్వేయర్‌గా పనిచేస్తూ గని పైకప్పు కూలి చనిపోయాడు. “ఆజ్ఞ మీరి ఒంటరిగా వెళ్ళాడు, తప్పు అతనిదే” అని కంపెనీ రిపోర్టు రాసింది. దాని కింద సంతకం ఎండీది.

డిటెక్టివ్‌ని పిలిపించింది ఎండీ భార్య. “మా ఆయన పెళ్ళిరోజు మర్చిపోయాడు, పిల్ల పుట్టినరోజు మర్చిపోయాడు. ముప్ఫై నాలుగేళ్ళలో బిళ్ళ మాత్రం మర్చిపోలేదు. ఆ బిళ్ళ తగిలించకుండా దిగాడంటే నేను నమ్మను,” అంది ఆవిడ. ఏడవలేదు. ఆ ఒక్క ముక్కకే డిటెక్టివ్ కేసు ఒప్పుకుంది.

“బిళ్ళ సంగతి మొదట్నుంచి చెప్పండి. నాకేమీ తెలీదనుకోండి.”

పెద్దాయన గోడకున్న బోర్డు చూపించాడు. నల్లరంగు చెక్క, దాని మీద వరసగా రెండొందల నలభై మేకులు, ప్రతి మేకు కింద ఒక నంబరు.

“మనిషికి రెండు ఇత్తడి బిళ్ళలమ్మా. రెండింటి మీదా ఒకటే నంబరు. దిగేటప్పుడు ఒకటి నాకిస్తాడు, మేకుకి తగిలిస్తాను. రెండోది జేబులో పెట్టుకుంటాడు. పైకొచ్చి ల్యాంపు అప్పజెప్తే మేకు మీది బిళ్ళ తీసి ఇచ్చేస్తాను. మేకు మీద బిళ్ళ ఉందంటే మనిషి లోపలున్నట్టే. నాలుగున్నరకి మందు పేల్చాలంటే బోర్డు మొత్తం ఖాళీ అవ్వాలి. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ నాలుగూ ఇరవైకి వచ్చి, కళ్ళారా చూసి సంతకం పెట్టాకే సైరన్.”

“ఎండీకి కూడా బిళ్ళేనా?”

పెద్దాయన మొహంలో మొదటిసారి వెలుగొచ్చింది. “ఎండీ ఇప్పుడు కదమ్మా. పంతొమ్మిదేళ్ళప్పుడు ఈ కిటికీ దగ్గర ల్యాంపులు తుడవడానికి చేరాడు. బూట్లు కూడా అరువే. వాటిలో గుడ్డలు కుక్కుకుని నడిచేవాడు. ఆ రోజు నేనే ఇచ్చాను నూటపదిహేడో నంబరు. తర్వాత మేస్త్రి అయ్యాడు, రాత్రి కాలేజీలో చదివి మేనేజరయ్యాడు, డైరెక్టరయ్యాడు. పెద్ద కుర్చీ ఎక్కాక కొత్త నంబరు ఇస్తామంటే ‘ఒకటో నంబరు ఎవరికైనా ఇవ్వండి, నాది నాకుంచండి’ అన్నాడు. కూలోళ్ళందరూ ఆయన్ని నూటపదిహేడు అనే పిలిచేవాళ్ళు. మొహం మీదే. నవ్వేవాడు.”

“పక్కన నూటపద్ధెనిమిది మేకుకి తుప్పు పట్టిందే?”

“అది డిప్యూటీ ఎండీ గారిది. ఇద్దరూ ఒకే రోజు చేరారు, ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళు. ఆయనకి ఏసీ గది వచ్చిన రోజే బిళ్ళలు రెండూ తెచ్చి నా బల్ల మీద పడేశాడు. మళ్ళీ దిగలేదు.”

డిటెక్టివ్ తల ఊపి లేచింది. గది చుట్టూ నడిచింది. గని వైపు ఒక కిటికీ, దానికి ఇనుప షట్టర్. ఆఫీసు వైపు వెనక తలుపు. బోర్డు ఆ వెనక తలుపు పక్క గోడకి ఉంది. షట్టర్ దించితే కిటికీ బయటివాళ్ళకి బోర్డు కనిపించదు. ఎదురుగోడకి ఛార్జింగ్ ర్యాక్‌లో టోపీ ల్యాంపులు.

“ఎండీ ల్యాంపు ఇక్కడ లేకపోతే లోపలున్నాడని తెలిసేదిగా?”

“ఆయన ల్యాంపు ఆయన గదిలోనే ఛార్జయ్యేది. ర్యాక్‌లో ఆ గడి ఎప్పుడూ ఖాళీయే.”

“పుస్తకంలో?”

“ఆఫీసర్లు ఎవరికి వాళ్ళే రాసుకోవాలి. ఆయన రాసేవాడు కాదు. ‘గనిలో పెరిగినవాణ్ణి, నాకు సంతకమేంటి’ అనేవాడు. అంత జాగ్రత్తపరుడు, ఆ ఒక్క దగ్గర మొండి.”

అంటే ఆ మనిషికీ చావుకీ మధ్య ఉన్నది ఒక ఇత్తడి బిళ్ళ. అంతే.

గని మూతపడి మూడు రోజులైంది. బోర్డు మీద ఒకే ఒక్క బిళ్ళ వేలాడుతోంది. దాని కన్నంలోంచి సన్నటి ఎర్ర వైరు ముక్క దూర్చి, మేకు చుట్టూ మెలిపెట్టి ఉంది.

“ఇదెవరిది?”

“పంపు ఆపరేటర్. గని మూసినా నీళ్ళు ఆగవుగా.”

“ఈ ఎర్ర వైరు?”

పెద్దాయన బల్ల మీదున్న రేకు డబ్బాని కొంచెం అవతలికి జరిపాడు. డిటెక్టివ్ దాన్ని ఇవతలికి లాక్కుంది. డబ్బా నిండా వేలెడంత ఎర్ర వైరు ముక్కలు, అన్నీ ఒకే పొడవు, అన్నిటి చివరా కత్తిరించిన గుర్తు. పక్కనే కటింగ్ ప్లేయర్.

“చెప్పండి.”

“మావాడు పోయిన రోజు నాకు సెలవమ్మా,” అన్నాడాయన. “సాయంత్రం మందు పేల్చాక ఒంటరిగా దిగాడు. బిళ్ళ మేకు మీదే ఉంది. అందరి బిళ్ళల మధ్య అదీ ఒకటి. రెండు షిఫ్టులు మారాయి. ఎవరి కంటా పడలేదు. అప్పట్నుంచి ఎవరు ఒంటరిగా దిగినా బిళ్ళకి ఎర్ర వైరు మెలేస్తాను. ఎర్రది కనిపిస్తుందిగా. మనిషి తిరిగొచ్చాక నా చేత్తో కత్తిరించి ఈ డబ్బాలో వేస్తాను. రూలు కాదు. నా చాదస్తం.”

“ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?”

“దిగేవాళ్ళందరికీ తెలుసు. దిగనివాళ్ళకి ఎందుకు తెలుస్తుంది?”

“ఇంట్లో?”

“ఇంట్లో గని మాట ఎత్తం.”

“మంగళవారం ఎండీ బిళ్ళకి మెలేశారా?”

“రెండూ పదికి వచ్చాడు. తగిలించి, మెలేశాను. ‘ఎక్కడికయ్యా?’ అంటే ‘మీవాడు పోయిన చోటికి, కొలతలు తీసుకోవాలి’ అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు.” పెద్దాయన బోర్డు వైపు చూశాడు. “ఆ తర్వాత నేను ఇక్కడే ఉన్నాను. కదల్లేదు.”

డిటెక్టివ్ మంగళవారం ల్యాంపుల పుస్తకం తెరిచింది. వేలు పెట్టి కిందికి చదివింది. ఒక్కొక్క ల్యాంపు ఎదురుగా తిరిగిచ్చిన టైము. మూడూ యాభై ఎనిమిది. నాలుగు. నాలుగూ రెండు. నాలుగూ నాలుగు. ఆమె వేలు అక్కడ ఆగింది.

“జనం ఒకళ్ళ వెనకాల ఒకళ్ళు, రెండేసి నిమిషాలకి వస్తున్నారు. నాలుగూ నాలుగు తర్వాత మళ్ళీ ల్యాంపు నాలుగూ పంతొమ్మిదికి. అదీ ఒకేసారి నాలుగు. ఆ నలుగురూ చేతులు పట్టుకుని నడిచొచ్చారా, లేకపోతే దించిన షట్టర్ ముందు నిలబడి మిమ్మల్ని తిట్టుకున్నారా?”

పెద్దాయన క్యారేజీ చెయ్యి మార్చుకున్నాడు.

“నాలుగూ ఐదు నుంచి నాలుగూ పద్ధెనిమిది. పదమూడు నిమిషాలు మీరిక్కడ లేరు. ఎక్కడికెళ్ళారు?”

“ఒంటికి...”

“పదమూడు నిమిషాలా? మీకంత జబ్బుంటే ఈ మూడు రోజుల్లో నాలుగుసార్లు లేచి వెళ్ళుండేవారు. కానిస్టేబుల్‌ని అడిగాను. కుర్చీలోంచి కదల్లేదట.”

పెద్దాయన క్యారేజీ పిడి సరిచేసుకున్నాడు.

“సరే. బయటికెళ్ళేటప్పుడు వెనక తలుపు తాళం వేశారా?”

“వేశాను. అది మాత్రం ఒట్టు. తాళం వెయ్యకుండా ఏనాడూ కదల్లేదు.”

“తాళంచెవులు ఎన్ని?”

“రెండు. ఒకటి నా మొలకి. ఒకటి ఇం...”

నోట్లోంచి వచ్చిన మాటని మింగడానికి చూశాడు. ఆలస్యమైపోయింది.

“ఇంట్లో,” అంది డిటెక్టివ్ మెల్లగా. “ఇంట్లో ఎవరెవరుంటారు పెద్దాయనా?”

ఆయన కళ్ళు ఆమెని బతిమాలుతున్నాయి. అప్పుడే వెనక తలుపు ధడాలున తెరుచుకుంది.

“టైము నాలుగూ పది మేడమ్! ఇంకో యాభై నిమిషాలు. కావాలంటే ఈలోగా ఇంకో నేరస్థుణ్ణి వెతికిపెట్టండి, ఇద్దర్నీ ఒకే జీపులో ఎక్కిస్తాను.”

ఐదుగంటల ఇన్‌స్పెక్టర్. డిపార్టుమెంటులో ఆయనకి పేరు అదే. ఏ కేసైనా ఐదింటికల్లా మూసి ఇంటికెళ్ళిపోతాడు. ఆయనా డిటెక్టివూ ఆరేళ్ళు ఒకే స్టేషన్లో, ఒకే జీపులో తిరిగారు. ఆమె పై అధికారి మీద ఫిర్యాదు రాసినప్పుడు సాక్షి సంతకం పెడతానన్నాడు. పెట్టాడు కూడా, అవతలి పక్షాన. ఇన్‌స్పెక్టర్‌కి ప్రమోషన్ వచ్చింది. ఆమెకి స్వంత ఆఫీసు వచ్చింది.

“నీకు హత్య ఎలా కనిపించింది?” అందామె. “బిళ్ళ తగిలించడం మర్చిపోతే అది మతిమరుపు.”

“మర్చిపోయింది ముసలాయన కాదు మేడమ్, ఎండీ. ఒక బిళ్ళ శవం జేబులో దొరికింది. రెండోది పొద్దున ఆయన ఆఫీసు డ్రాయర్లో దొరికింది. ఇదిగో.” ప్లాస్టిక్ కవరు ఆమె ముక్కు ముందు ఊపాడు. “అంటే ఆయన అసలు తగిలించనే లేదు. ఎండీ ఖాళీ చేతులతో దిగడం ఈయన చూశాడు. కొడుకుని తినేసినవాడు లోపలున్నాడని తెలిసీ నోరు మూసుకుని, షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌కి ఖాళీ బోర్డు చూపించాడు. ‘తగిలించాను’ అని ఇప్పుడు అబద్ధమాడుతున్నాడు. నాకు ఇంతకంటే ఏం కావాలి?”

“కళ్ళజోడు,” అంది డిటెక్టివ్. “ఆ కన్నంలో వేలాడేదేంటి?”

ఇన్‌స్పెక్టర్ కవరు దగ్గరికి తెచ్చుకున్నాడు. “ఏదో వైరు. తాళాల గుత్తికి కట్టుకుని ఉంటాడు.”

“కుర్చీలో కూర్చో. పడతావు.”

రేకు డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది. ఎర్ర ముక్కలు గలగలా దొర్లాయి. పంపు ఆపరేటర్ బిళ్ళ చూపించింది. రెండు నిమిషాల్లో మొత్తం చెప్పింది.

“ఈ వైరు పెద్దాయన చేత్తో, ఈ బోర్డు దగ్గర, ఒంటరిగా దిగేవాడి బిళ్ళకి మాత్రమే పడుతుంది. డ్రాయర్లో దొరికిన బిళ్ళకి అది ఉందంటే ఆ బిళ్ళ మంగళవారం మేకు ఎక్కింది. ఈయన అబద్ధమాడలేదు. తిరిగొచ్చిన మనిషికైతే ప్లేయర్‌తో కత్తిరించి ఇస్తాడు. ఈ వైరు చివర చూడు, కత్తిరించలేదు. మెలి ఊడదీసి లాగారు. ఎండీ లోపలుండగానే ఎవరో బిళ్ళ పీకి, ఆయన డ్రాయర్లో పడేశారు. ఆ ఎవరో ఈ ఎర్ర వైరుకి అర్థం తెలీనివాళ్ళు. తెలిస్తే దాన్ని బిళ్ళతో పాటు దాచిపెడతారా?”

ఇన్‌స్పెక్టర్ కవరు తిప్పి తిప్పి చూశాడు.

“ఈయన్ని వదలాలంటారు.”

“వదలక తప్పదంటున్నాను.”

గెలిచానని ఆమె అనుకున్నది మహా అయితే మూడు క్షణాలు.

“నేనే తీశాను,” అన్నాడు పెద్దాయన.

ఇద్దరూ తిరిగి చూశారు. ఆయన లేచి నిలబడ్డాడు. క్యారేజీ కింద పెట్టి, రెండు చేతులూ ముందుకి చాపాడు.

“తగిలించింది నేనే, పీకింది నేనే. డ్రాయర్లో పెట్టింది నేనే. మావాడి పగ. ఇన్‌స్పెక్టర్ గారు చెప్పిందే నిజం. రాసుకోండి బాబూ.”

“చూశారా మేడమ్!” ఇన్‌స్పెక్టర్ మొహం మతాబాలా వెలిగింది. బేడీలు టకటకా పడ్డాయి. “మీరు రుజువు తేవడం, ఆయన ఒప్పుకోవడం! ఇంత మంచి జంటని నేను చూడలేదు.”

డిటెక్టివ్ మాత్రం ముసలాయన కళ్ళు చూస్తోంది. ఈ మూడు రోజులూ ఆయనకి అనుమానం మాత్రమే. తాళం సరిగ్గా పడలేదేమో, ఎండీయే వెనక తలుపున వచ్చి, తన బిళ్ళ తనే తీసుకెళ్ళి ఉంటాడని తనకి తాను చెప్పుకుంటూ వచ్చాడు. ఇప్పుడు ఆ వైరు చూశాడు. ఆయన్ని కాపాడటానికి ఆమె తెచ్చిన రుజువే ఆయనకి ఆఖరి ఆశ లేకుండా చేసింది.

“పెద్దాయనా, కటింగ్ ప్లేయర్ మీ జేబులోనే ఉంటుంది. రెండేళ్ళు కత్తిరించిన చెయ్యి ఆ రోజు మాత్రం మెలి ఊడదీసిందా?”

“కంగారులో...”

“మిమ్మల్ని ఇక్కణ్ణుంచి కదిలించగలిగేది ఎండీ పిలుపొక్కటే. నాలుగూ ఐదుకి మీకు ఫోన్ వచ్చింది. ఎండీ పిలుస్తున్నారు, వెంటనే రమ్మని. ఆయన పైకొచ్చేశాడనుకుని మీరు రోడ్డు దారిన ఆఫీసుకెళ్ళారు. అక్కడ ఎవరూ లేరు. తిరిగొచ్చేసరికి మేకు ఖాళీ. స్టోరు యార్డు మీదుగా అడ్డదారి ఉంది, నేను నడిచి చూశాను, నాలుగు నిమిషాలు; ఫోన్ చేసినవాళ్ళు అటుగా వచ్చారు. ఫోన్ చేసిందెవరు?”

“ఎవరూ చెయ్యలేదు!” ముసలాయన అరిచాడు. ఆ గొంతుకి కానిస్టేబుల్ లోపలికి తొంగి చూశాడు. “నన్ను తీసుకెళ్ళమంటుంటే ఈవిడెవరయ్యా మధ్యన! ఐదింటిదాకా ఎందుకు? ఇప్పుడే పదండి!”

“లోపలికి రావచ్చా సార్?”

వెనక తలుపు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. మెడలో కంపెనీ గుర్తింపు కార్డు, చేతిలో పెన్ను. “డ్రాయర్ వస్తువుల జాబితా మీద సంతకం పెట్టాలన్నారట.”

ఎండీ సెక్రటరీ. పెద్దాయన కోడలు. భర్త పోయాక ఆ ఉద్యోగం ఇప్పించింది ఎండీయే.

ఆమె చూపు మామగారి చేతుల మీద పడింది.

“మామయ్యా... బేడీలేంటి?”

“నువ్వు ఇంటికెళ్ళమ్మా. సంతకం రేపు పెడుదువుగాని. క్యారేజీ పట్టుకెళ్ళు.”

“ఒప్పేసుకున్నాడమ్మా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఉత్సాహంగా. “బిళ్ళ తనే పీకాడట.”

ఆవిడ చేతిలో పెన్ను కింద పడింది. తీసుకోలేదు.

డిటెక్టివ్‌కి ఇక ఎవర్నీ ఏమీ అడగాలనిపించలేదు. ఇలాంటప్పుడే ఈ వృత్తి మీద విరక్తి పుడుతుంది. నిజం దొరికింది. దాన్ని తీసుకెళ్ళి ఇవ్వాల్సిన మనిషే దాన్ని తీసుకోనంటున్నాడు.

ఆమె జాబితా అందుకుంది. పెన్నులు, మందుబిళ్ళలు, ఇత్తడి బిళ్ళ ఒకటి, రెండు కాగితాల ఆఫీసు ఉత్తరం.

“ఈ ఉత్తరం చదివావా ఇన్‌స్పెక్టర్?”

“ఆఫీసు గొడవ మేడమ్. ‘గౌరవనీయులైన డైరెక్టర్లకు’ అని ఉంది. అక్కడ ఆపేశాను.”

“ఇటివ్వు.”

చేత్తో రాసిన కాగితం. సోమవారం తేదీ. డిటెక్టివ్ పైకి చదివింది.

“‘రెండేళ్ళ కిందటి ప్రమాదంపై నా సంతకంతో మీకు చేరిన రిపోర్టు అబద్ధం. సర్వేయర్ ఆజ్ఞ మీరలేదు. ఒంటరిగా వెళ్ళమని అతనికి లిఖితపూర్వకంగా ఆజ్ఞ ఇచ్చారు. దాని నకలు పోయిన వారమే నా కంట పడింది. నేను నమ్మినవాడు ముందు పెట్టిన కాగితం కాబట్టి ఆనాడు చదవకుండా సంతకం చేశాను. రేపు స్వయంగా దిగి, ఆ చోటు కొలతలు తీసుకుని, అతని పేరు మీద పడిన మచ్చ చెరిపే బాధ్యత నాది. ఆ ఆజ్ఞ మీద ఉన్న సంతకం...’ ఇక్కడితో కాగితం అయిపోయింది.”

బయట గని ఫ్యాను రొద వినిపిస్తోంది.

కోడలు వచ్చి కాగితం చూసింది. ముట్టుకోలేదు. “ఆయన రాతే,” అంది. “అన్నీ నాకే ఇచ్చేవారు టైపు చెయ్యమని. ఇది ఇవ్వలేదు.”

“నీకు ఇచ్చే మొహం లేక,” అంది డిటెక్టివ్. “రెండో కాగితం ఏది ఇన్‌స్పెక్టర్?”

ఇన్‌స్పెక్టర్ కవరు దులిపాడు. మళ్ళీ దులిపాడు. “పొద్దున రెండున్నాయి. నేనే లెక్కపెట్టి రాయించాను.”

“పొద్దున్నుంచి కవరు ఎవరి చేతిలో ఉంది?”

“నా చేతిలోనే. మధ్యలో డిప్యూటీ గారు కంపెనీ రహస్యాలేమైనా ఉన్నాయేమో చూసిస్తానన్నారు. ఐదు నిమిషాలు. నేను టీ తాగుతున్నాను.”

“ఎవరిచ్చిన టీ?”

ఇన్‌స్పెక్టర్ మెడ కింది నుంచి పైకి ఎర్రబడింది.

కోడలు నెమ్మదిగా బెంచీ మీద కూర్చుంది. ఎవర్నీ చూడకుండా మాట్లాడింది.

“మంగళవారం పొద్దున డిప్యూటీ గారు నన్ను గదిలోకి పిలిచారు. ‘మీ ఆయన్ని చంపి, తప్పు అతని మీదే రాసింది మీ ఎండీ. ఆఖరి ఆనవాళ్ళు కూడా చెరిపెయ్యడానికి ఇవాళ దిగుతున్నాడు. మీ ఆయన బిళ్ళని ఎవరూ చూడలేదుగా, ఈయన బిళ్ళ కూడా ఎవరూ చూడకపోతే సరి’ అన్నారు. ఆ రిపోర్టు కింద ఆయన సంతకం నేను రోజూ చూస్తున్నాను సార్. రోజూ ఆ సంతకాలకే కాగితాలు అందిస్తున్నాను. మామయ్యకి ఫోన్ చేశాను. ఇంట్లో తాళంచెవి పొద్దునే తెచ్చుకున్నాను.”

“ఊరుకోమ్మా!” పెద్దాయన అడ్డుపడ్డాడు.

“సైరన్ మోగేటప్పుడు కిటికీ దగ్గర నిలబడ్డాను. అప్పుడైనా చెప్పొచ్చు. పది నిమిషాలుంది. చెప్పలేదు.” ఇప్పుడు తలెత్తింది. “మామయ్యా, ఆ ఎర్ర వైరు మా ఆయన కోసం మొదలెట్టారని నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు ఏడుస్తావని.”

ఆవిడ ఏడవలేదు. మొగుడి పేరు కడగడానికి దిగిన ఒకే ఒక్క మనిషిని తన చేత్తో పేలుడుకి అప్పజెప్పింది. దానికి సరిపడా ఏడుపు ఎక్కడా ఉండదు.

ఇన్‌స్పెక్టర్ కవరు పక్కన పెట్టాడు. “మేడమ్, డిప్యూటీ గారి మీద ఈవిడ మాట తప్ప ఏముంది? రెండో కాగితం లేదు. పెద్దాయన ఒప్పుకుని ఉన్నాడు. కోర్టులో డిప్యూటీ గారి లాయరు ఏమంటాడో తెలుసుగా. కోడలు మామని కాపాడుకోవడానికి కథ అల్లిందంటాడు.”

అది నిజమే. అందుకే ఇంకా కోపమొచ్చింది డిటెక్టివ్‌కి. గడియారం నాలుగూ నలభై రెండు.

“ఒక దారుంది,” అంది కోడలితో. “నేను అడగలేను. దాంతో మీ మామయ్య బయటపడతాడు. నువ్వు పూర్తిగా మునిగిపోతావు.”

ఆవిడకి విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. లేచి గోడ ఫోన్ దగ్గరికెళ్ళింది. ఫ్యాను రొదలో వినపడాలని ఆ ఫోన్‌కి పెద్ద స్పీకరు బిగించారు. గదిలో ఎవరు ఏ మూల నిలబడ్డా అవతలి మాట వినపడుతుంది. ఆ సంగతి ల్యాంప్ రూమ్‌కి వచ్చేవాళ్ళకి తప్ప ఏసీ గదుల వాళ్ళకి తెలిసే అవకాశం లేదు.

“వద్దు తల్లీ,” అన్నాడు పెద్దాయన. బేడీల చేతులతోనే ఆమె కొంగు పట్టుకోబోయాడు. “నాకు అరవై ఎనిమిదేళ్ళు. నేను ఎక్కడుంటే ఏంటి? నువ్వు...”

“మీ అబ్బాయి తప్పు చేశాడని రాస్తే రెండేళ్ళు నేను నిద్రపోలేదు మామయ్యా. మీరు తప్పు చేశారని రాస్తే పడుకుంటాననుకున్నారా?”

నంబరు నొక్కింది. ఇన్‌స్పెక్టర్ నోటుపుస్తకం తీశాడు. ఎవరూ చెప్పకుండానే టైము రాశాడు. నాలుగూ నలభై ఆరు.

“హలో,” స్పీకర్లోంచి తీరుబడిగా వచ్చింది డిప్యూటీ గొంతు.

“సార్, నేనే. ల్యాంప్ రూమ్ నుంచి.”

“అక్కడేం చేస్తున్నావ్?”

“సంతకానికి పిలిచారు సార్. మామయ్యకి బేడీలు వేశారు. బిళ్ళ తనే తీశానని ఒప్పుకున్నారు.”

అవతల ఊపిరి వదిలిన చప్పుడు.

“మంచిదేగా. నీకోసమే ఒప్పుకుని ఉంటాడు. ముసలాయన, ఎక్కువకాలం ఉంచరు. నీ పేరు ఎక్కడా రాలేదుగా?”

“రాలేదు సార్. కానీ డ్రాయర్లో ఏదో ఉత్తరం ఉందట. రెండు కాగితాలని జాబితాలో ఉంది, ఒకటే కనిపిస్తోందంటున్నారు. నాకు భయంగా ఉంది.”

“రెండోది పొద్దునే కాల్చేశాను. మొదటి దాన్లో ఎవరి పేరూ లేదు, ఉంటే ఉండనీ. ఆ ఇన్‌స్పెక్టర్ ఒక కప్పు టీకి కవరు చేతిలో పెట్టే రకం, వాడు ఏం వెతుకుతాడు?”

ఇన్‌స్పెక్టర్ కలం ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది, ఈసారి కాగితం చిరిగేంత గట్టిగా.

“నువ్వు బిళ్ళ నేను చెప్పిన చోటే పెట్టావు, అంతా సరిపోయింది,” అంటోంది స్పీకరు. “నోరు మూసుకుని రెండు నెలలు ఓపిక పట్టు. ఆ తర్వాత మీ ఆయన పేరు ఈ కంపెనీలో ఎవరూ ఎత్తరు.”

కోడలు ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది.

“ఎత్తుతారు సార్. ఈ కేసులో మీ పేరు పక్కన నా పేరు కూడా రాయించి, నేనే ఎత్తుతాను.”